నిదానం చెయ్యి, ఈలగాడి బిళ్ళ

కార్మికుల నష్టపరిహారం చూసే అధికారి గారి సముఖమునకు, అట్టపెట్టెల ఫ్యాక్టరీలో నిదానం అనే కార్మికుని తల్లి వ్రాసుకొన్న అర్జీ.

విషయం: స్నేహితుని బిళ్ళ మీద పనిచేస్తూ వేళ్ళు పోగొట్టుకొన్న మా అబ్బాయికి రెండో ఆపరేషను ఆపివేయుట – సదరు ఆపరేషను వెంటనే చేయించమని కోరుట – గురించి.

అయ్యా,

పై విషయమును పురస్కరించుకొని తమకు మనవి చేసుకొనునది ఏమనగా, నేను పెద్దగా చదువుకొన్నదానిని కాను. మీ ఆఫీసు బయట బల్ల వేసుకుని అర్జీలు రాసే ఆయన దగ్గరకు వెళ్ళి, ముందున్నవాళ్ళ అర్జీలు రాస్తుంటే పక్కన నిలబడి విన్నాను. నా వంతు వచ్చేసరికి ఇలాంటి సంగతి ముక్కూమొహం తెలియని మనిషికి చెప్పడానికి మనసొప్పక ఇంటికి వచ్చి నేనే రాస్తున్నాను. వరస తప్పితే మన్నించగలరు. ఈ కాగితం మీద ఇంకో పది కాగితాలు పడతాయేమోనని, మీరు సెలవులో ఉంటారేమోనని, టీ ఒలికి అక్షరాలు చెరిగిపోతాయేమోనని నాకు భయంగా ఉంది. అందుకని కావలసినది ముందే చెబుతున్నాను. మా వాడి కుడిచేతి బొటనవేలు ఇంకా బతికే ఉంది. లోపల తెగిన నరాన్ని ఈ నెలలోపు కలిపితే అది వంగుతుందని, లేకపోతే చెక్కముక్కలా నిలబడిపోతుందని డాక్టరు గారు చెప్పారు. అది వంగితే వాడు గ్లాసు పట్టుకోగలడు, చొక్కా గుండీ పెట్టుకోగలడు, ఏదో ఒక పని పట్టుకోగలడు. వంగకపోతే చెయ్యి ఉండీ లేనట్టే. ఇక నా బాధలు వరసగా వ్రాయుచున్నాను.

1. ఫ్యాక్టరీ గేటు దగ్గర ప్రతి కార్మికునికి ఒక ఇత్తడి బిళ్ళ ఉంటుంది, దాని మీద నంబరు. లోపలికి పోయేటప్పుడు మేకుకు తగిలిస్తే పనిలో ఉన్నట్టు, తీసుకుపోతే ఇంటికి పోయినట్టు. గేటు దగ్గరివాడు బిళ్ళను చూస్తాడు, మొహం చూడడు. కాబట్టి కార్మికులు తమలో తాము 'బిళ్ళ బదులు' అని ఒక పద్ధతి పెట్టుకొన్నారు. ఒకడి ఇంట్లో అవసరం పడితే రెండోవాడు తన షిఫ్టు దిగి, వాడి బిళ్ళ తగిలించి, వాడి షిఫ్టు కూడా చేస్తాడు. వీడికి అవసరం వచ్చినప్పుడు వాడు తీరుస్తాడు. పక్కింట్లో గ్లాసుడు చక్కెర బదులు తెచ్చుకున్నట్టే. ఇది తప్పని తమరు అంటారు. తప్పే. కానీ జ్వరాలూ చావులూ కాన్పులూ షిఫ్టు చూసుకుని రావు గదా అయ్యా. మిషను ఆగకుంటే చాలునని మేస్త్రీ కూడా చూసీ చూడనట్టు ఉండేవాడు.

2. మా వాడు దేనికైనా 'నిదానం, నిదానం' అంటాడని ఫ్యాక్టరీలో వాడికి నిదానం అనే పేరు పడిపోయింది. వాడి స్నేహితుడు ఈల వేస్తూ పనిచేస్తాడని వాణ్ణి ఈలగాడంటారు. ఈలగాడి భార్యకు నొప్పులు మొదలైన రోజు వాడు తన బిళ్ళ మా వాడి చేతిలో పెట్టి పరుగెత్తాడు. మా వాడు పొద్దుటి షిఫ్టు దిగి, అన్నం తిని చెయ్యి కడుక్కుని మళ్ళీ లోపలికి పోయాడు. సదరు మిషను దవడలాగా తెరుచుకుని మూసుకుంటూ అట్టను కోస్తుంది. తెరుచుకున్నప్పుడు అట్ట పెట్టాలి, మూసుకునేలోపు చెయ్యి తీయాలి. సాయంత్రానికి ఒక అట్ట లోపల ఇరుక్కుంది. తీయబోయాడు. చూపుడు వేలు, మధ్య వేలు పోయాయి. బొటనవేలి మొదట్లో నరం తెగింది. ఎప్పుడూ నిదానం అనేవాడు ఆ ఒక్కసారి ఎందుకు తొందరపడ్డాడో నేను అడగలేదు. రెండు షిఫ్టుల ఒళ్ళు ఏం జవాబు చెబుతుంది. ఆ సాయంత్రమే ఈలగాడికి ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లను చూసి మురవడానికి నాకు మనసు రాలేదు, తిట్టుకోవడానికి నోరూ రాలేదు.

3. మేస్త్రీ మా వాణ్ణి కార్మికుల ఆసుపత్రికి తీసుకుపోయి, మేకుకు ఉన్న బిళ్ళ ప్రకారం ఈలగాడి పేరు రాయించాడు. నేను లబలబలాడుతూ వెళ్ళేసరికి నన్ను మెట్ల కిందికి పిలిచి, "అమ్మా, పేరుతో మనకేం పని? చెయ్యి బాగుపడటం ముఖ్యం. అసలు సంగతి బయటికొస్తే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి" అని, ఆ బిళ్ళ నా చేతిలో పెట్టి వెళ్ళాడు. అప్పుడు అదే నిజమనిపించింది. ఆ మాట విన్నందుకు ఇప్పుడు నా చెవులు నేనే మెలిపెట్టుకోవాలి. నర్సు వచ్చి మీ అబ్బాయి పేరేమిటని అడిగినప్పుడల్లా నాకు దగ్గు వచ్చేది. దగ్గుతూ కోడలి వైపు చూసేదాన్ని, అది చెప్పేది. ఎక్కడ నోరు జారుతానోనని అక్కడ ఉన్నన్నాళ్ళూ కన్నకొడుకును పేరు పెట్టి పిలవలేదు. వాడు పుట్టిన కొత్తలో, ఇంకా పేరు పెట్టకముందు పిలిచినట్టు 'బాబూ' అని పిలిచాను. ఒకరోజు నర్సు మందు ఇవ్వడానికి ఈలగాడి పేరుతో లేపితే వాడు నిద్రలోనే 'ఊ' అన్నాడు.

4. కాగితం ప్రకారం ఈలగాడు ఆసుపత్రిలో ఉన్నాడు గనుక సదరు ఈలగాడు పనికి పోరాదు. పోకపోతే ఇంట్లో బాలింత, పసిగుడ్డు. మా వాడు పోలేడు. అందుచేత ఈలగాడు మా వాడి బిళ్ళ తగిలించి పనికి పోవుచున్నాడు. జీతం తెచ్చి మా కోడలి చేతిలో పెడతాడు. అది సగం తీసి వాడి జేబులో కుక్కుతుంది. వాడు వద్దంటాడు, అది ఊరుకోదు, ఇద్దరూ గుమ్మంలో పెనుగులాడుతుంటే చూసినవాళ్ళు అప్పులవాళ్ళు వచ్చారనుకుంటారు. ఒక బిళ్ళ మీద రెండు పొయ్యిలు వెలగాలి. ఈల వినబడితే ఫ్యాక్టరీలో పైన ఆఫీసు గదిలో కూర్చునే పెద్దలకు ఎవరో తెలిసిపోతుందని వాడు ఈల వేయడం మానేశాడు.

5. రెండో ఆపరేషనుకు రమ్మన్నారు. దెబ్బ తగిలిన రోజు వేలిముద్ర అడగలేదు, ఆ రక్తంలో ఏ ముద్ర పడుతుంది. ఈసారి ముందు ముద్ర అన్నారు. ఎడమ బొటనవేలు గాజు మీద పెట్టించారు. ఎర్రలైటు వెలిగింది. మళ్ళీ పెట్టించారు, మళ్ళీ ఎర్రలైటే. చెమట వల్లనేమో అని నా కొంగుతో తుడిచాను. తుడిస్తే వేలు మారుతుందా అయ్యా, అయినా తుడిచాను. పొద్దుటి నుంచి మంచినీళ్ళు కూడా ముట్టనివ్వకుండా, ఆసుపత్రి బట్టలు తొడిగి, చక్రాల బల్ల మీద పడుకోబెట్టినవాణ్ణి లేపి పంపేశారు. ఆసుపత్రి కార్డు మీది ఈలగాడి ముద్రతో కలవలేదని, దొంగకార్డు అన్నారు. డాక్టరు గారు బయటికి వచ్చి, "నాకు కావలసింది చెయ్యి, పేరు కాదు. కానీ కాగితం లేకపోతే లోపలికి తేనివ్వరు. ఆలస్యం చేస్తే తర్వాత నేనూ ఏమీ చేయలేనమ్మా" అన్నారు. ఆయన మంచివారు. మంచివారు చెప్పారు గనుకనే నాకు భయం ఎక్కువైంది.

6. నిజం చెప్పుకుంటే పోతుందని తమ ఆఫీసు కిటికీ దగ్గరకు వచ్చాను. గుమాస్తా గారు మా వాడి నంబరు కంప్యూటరులో కొట్టి చూసి, "మీ అబ్బాయికి దెబ్బ తగల్లేదమ్మా. రోజూ పనికి వెళ్తున్నాడు. నిన్న కూడా వెళ్ళాడు" అన్నారు. మా వాడు నా పక్కనే బెంచీ మీద, కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"ఇతనే బాబూ నా కొడుకు" అన్నాను.

"ఇతను అతనేనని ఎవరు చెప్పాలి?" అన్నారు.

"నేను చెబుతున్నాను గదా, కన్నదాన్ని" అన్నాను.

దానికి ఆయన, "దెబ్బ ఉన్నవాడికి కాగితం లేదు, కాగితం ఉన్నవాడికి దెబ్బ లేదు. నన్నేం చేయమంటారు?" అన్నారు. ఇది ఆయన మీద ఫిర్యాదు కాదు. ఫిర్యాదు అనుకుని ఎవరైనా ఈ కాగితం అడుగున పెడతారేమోనని విడిగా రాస్తున్నాను. ఆయన చెప్పినది నిజమే. అదే నా బాధ.

7. వచ్చి ఒక్క మాట చెప్పమని మేస్త్రీ ఇంటికి వెళ్ళి అడిగాను. ఆయన అన్నం ముందు కూర్చుని ఉన్నాడు. తల ఎత్తకుండా, "నాకు బిళ్ళలు తెలుసు గానీ మనుషులు తెలీదమ్మా" అన్నాడు. ఆయనకూ పిల్లలున్నారు, భయం ఉంటుంది. అయినా ఆ ముద్ద ఎలా మింగాడో అనుకుంటూ ఇల్లు చేరాను. ఇంతలో ఫ్యాక్టరీ నుంచి ఈలగాడికి ఒక కాగితం వచ్చింది. కుడిచెయ్యి మిషను పనికి పనికిరాదు కాబట్టి వాణ్ణి పనిలోంచి తీసేయబోతున్నారట. రెండు చేతులూ ఉన్నవాడికి చెయ్యి లేదని ఉద్యోగం పోతున్నది. చెయ్యి పోయినవాడు భేషుగ్గా పనిచేస్తున్నాడని పరిహారం పోతున్నది. ఇందులో ఎవరికి మేలు జరిగిందో ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు.

8. మా వాడు ఈ సంగతి పైకి రాయవద్దంటున్నాడు. "రెండు పోయినచోట మూడోది పోనీ అమ్మా. బిళ్ళ బదులు సంగతి కాగితం మీద పడితే వాడికి ఎక్కడా పని దొరకదు. ఆ పసిదాని నోరు ఎండుతుంది" అన్నాడు.

"మరి నీ నోరో?" అన్నాను.

"నాకు నువ్వున్నావు గదా" అన్నాడు.

నేనున్నానట. నా మోకాళ్ళు చూసే అన్నాడో, చూడకుండా అన్నాడో. పొద్దున కోడలు వాడి చొక్కాకు గుండీలు పెడుతుంటే వాడు గోడ వైపు మొహం తిప్పుకుంటాడు. అది పై గుండీ దాకా పెట్టి, వంటింట్లోకి వచ్చి గిన్నెలు తోముతున్నట్టు నీళ్ళు వదులుతుంది. నిన్న నీళ్ళు ఆపేసి, "అత్తయ్యా, ఏడవడం నేను చూసుకుంటాను. మీరు రాయండి" అంది. అందుకని రాస్తున్నాను.

కావున తమరు దయతలచి, ముందు వేలు, తర్వాత విచారణ జరిపించవలసినదిగా ప్రార్థన. పరిహారం ఎంత ఇస్తారో, ఎవరి పేరున ఇస్తారో, అసలు ఇస్తారో లేదో అన్నీ తర్వాత. విచారణ ఆగితే ఎండిపోదు, నరం ఎండిపోతుంది. ఇద్దరినీ తమ బల్ల ముందు నిలబెట్టి చేతులు చాపమనండి. ఎవరి చెయ్యి ఏదో తెలుసుకోవడానికి ఎర్రలైటు అక్కర్లేదు. ఈలగాడి ఉద్యోగం తీసేయకుండా చూడవలెను. వాడు చేసినదల్లా పెళ్ళాం నొప్పులు పడుతుంటే పక్కన ఉండటమే. బిళ్ళ బదులు తప్పని రాయవలసి వస్తే, ఆ తప్పు వల్ల ఇన్నేళ్ళలో ఒక్క పూట కూడా మిషను ఆగలేదని కూడా పక్కనే రాయవలెను. ఆసుపత్రిలో అబద్ధం ఆడినందుకు ఎవరో ఒకరి మీద కేసు పెట్టక తప్పదంటే నా మీద పెట్టండి. దగ్గింది నేనే.

పై విషయములన్నియు చిత్తగించవలెను. ఆలస్యం కాకుండా చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు,
నిదానం తల్లి

తా.క.: కవరు అంటించబోయి ఆగాను. ఒకడి నోటి దగ్గరి కూడు తీసే కాగితాన్ని వాడికి తెలియకుండా పంపడం దొంగతనంలా అనిపించింది. మా వాడితో చెప్పకుండా ఈలగాడి ఇంటికి పోయి, గుమ్మంలో కూర్చుని మొదటి నుంచి చదివి వినిపించాను. వాడు పిల్లను భుజాన వేసుకుని అటూ ఇటూ తిరుగుతూ విన్నాడు. భార్య తలుపు చాటు నుంచి, "పంపించండి పెద్దమ్మా. ఈ పిల్లను ఎత్తుకున్నప్పుడల్లా ఈయన దాని వేళ్ళు లెక్కపెడుతున్నాడు. నేను చూడలేకపోతున్నాను" అంది. వాడు పిల్లను ఆమెకిచ్చి, జేబులోంచి మా వాడి బిళ్ళ తీసి, "ఇది కూడా అందులో పెట్టు పెద్దమ్మా" అన్నాడు.

"రేపు గేటు దగ్గర ఏం తగిలిస్తావురా?" అన్నాను.

"రేపు గేటు దగ్గరికి పోను" అన్నాడు.

అయ్యా, కవరులో బరువుగా తగిలేవి ఇదీ, ఆసుపత్రిలో మేస్త్రీ నా చేతిలో పెట్టిన ఈలగాడిదీ, ఆ రెండు బిళ్ళలే. లంచమనుకుని పక్కన పెట్టకండి. ఇప్పుడు ఆ ఇద్దరిలో ఎవరికీ బిళ్ళ లేదు. ఎవరు ఎవరో మొహం చూసే చెప్పాలి. ఈ కవరు సాయంత్రం తమ ఆఫీసు గోడకున్న డబ్బాలో వేస్తాను. డబ్బా అడుగున తుప్పు పట్టి చిల్లు ఉన్నట్టు మొన్న చూశాను, బిళ్ళలు జారిపోతాయేమోనని దారంతో కట్టాను. రేపు కట్టు మార్పిస్తానని చెప్పి మా వాణ్ణి కూడా తీసుకొస్తాను. రేపటి నుంచి రోజూ పొద్దున ఈలగాడితో కలిపి మేం ముగ్గురం తమ ఆఫీసు మెట్ల మీద ఉంటాం. మెట్ల మీద చాలామంది ఉంటారు గదా, మమ్మల్ని ఎలా గుర్తుపట్టాలా అని తమరు ఇబ్బంది పడవద్దు. ఈల వేయమని వాడితో చెప్పాను. వినబడితే ఒక్కసారి కిటికీలోంచి చూడండి.