రోబోకు బొట్టు పెట్టిన రోజు

అక్కకు, బావకు నమస్కరించి చెల్లెలు స్వరూప రాస్తున్నది. అంతా బాగున్నారా? చిన్నోడి జ్వరం తగ్గిందా? పత్తి ఏరడం మొదలైందా? నేను బాగున్నాను, నా గురించి బెంగ వద్దు. ఎల్బీ నగర్‌లో వానలు ఆగలేదు, గదిలో బట్టలు ఆరడం లేదు. రోజూ హోటల్ సాంబారే. బావ ఇటు వస్తే నాలుగు జొన్న రొట్టెలు, కాస్త ఎల్లిపాయ కారం పంపు.

దిల్‌సుఖ్‌నగర్ హోటల్‌లో నా పని నీకు తెలుసు. రోబో అరల్లో ప్లేట్లు పెడితే అది టేబుల్ దాకా మోసుకెళ్తుంది, నేను వెనకే వెళ్లి వడ్డిస్తాను. మొదట్లో దాన్ని చూస్తే భయం, భక్తి. మన మనసులో మాట కూడా తెలుసుకుంటుందనుకున్నాను. రెండు నెలలు వెంట తిరిగాక తెలిసింది, అది ఖాళీ కుర్చీని కూడా "దయచేసి దారి ఇవ్వండి" అని బతిమాలుతుంది. అద్దాల గదిలో కూర్చునే మేనేజరుకు మాత్రం అది దేవుడే.

పోయిన నెల ఎవరో జరిపిన టేబుల్ అంచు దానికి కనపడక గుద్దింది. ఒకామె చీర మీద సాంబారు ఒలికింది. నేనే రోబోను తోశానన్నాడు మేనేజరు. "నేను నూకలే సార్" అన్నాను.

"మిషను తప్పు చెయ్యదమ్మా. నీకన్నా దానికి తెలివెక్కువ" అని, హాలంతా చూస్తుండగా నాచేత చేతులు జోడింపజేసి తప్పు ఒప్పించాడు. వారం రోజులు అన్నం సయించలేదు.

దసరాకు ఆయుధపూజ చేశాం. మేనేజరే స్వయంగా రోబోకు గంధం, కుంకుమ పూశాడు, సరిగ్గా ముందున్న నల్లద్దం మీద. దాని కన్ను అదే. రోజూ తుడిచేది నేనే కాబట్టి నాకు తెలుసు. చెబుదామని నోటిదాకా వచ్చింది. నాకన్నా తెలివైనది కదా, అదే తుడుచుకుంటుందిలే అని ఊరుకున్నాను.

మధ్యాహ్నం ఓనరు తన వియ్యంకులను భోజనానికి తీసుకొచ్చాడు. వాళ్ల ప్లేట్లు మోస్తున్న రోబో హాలు మధ్యలో ఆగిపోయి, ఎదురుగా ఎవరూ లేకపోయినా దారి ఇవ్వండని ఒకటే పాట.

"మనకు కనపడనిదేదో దానికి కనపడుతోందండి" అన్నాడు మేనేజరు భక్తిగా. వియ్యంకులు నవ్వారు. ఓనరు మొహం మాడిపోయింది.

"ఇది ఎట్ల నడుస్తదో ఎవరికన్న ఎరుకనా?" అన్నాడు.

తడిగుడ్డ పట్టుకుని ముందుకు వెళ్లాను. "నాకెరుక సార్. సాంబారు ఒలికిన రోజు ఎవరు నూకిండ్రో మేనేజరు సారు చెప్తే తుడుస్త."

"నువ్వు కాదమ్మా" అని గొణిగాడు మేనేజరు.

"అందరికి ఇనవడాలె సార్."

గట్టిగా చెప్పాడు. చేతులు కూడా జోడించాడు. అప్పుడు తుడిచాను.

పెద్దమ్మకు నా దండాలు చెప్పు, పిల్లలను ముద్దాడానని చెప్పు. నన్ను మీరిద్దరూ దీవించండి. మేనేజరును క్షమించమని మాత్రం రాయకండి.

ఇట్లు,
నీ చెల్లెలు
స్వరూప