వాసన చూసే పద్ధతి

అక్కా,

రేపు నీ బిడ్డ స్వప్నకు ఇంటర్ కెమిస్ట్రీ ప్రాక్టికల్ పరీక్ష. మేడ్చల్‌లో నువ్వు ట్యూషన్ చెప్పిన ముందు గదిలోనే నేను దానికి చెబుతున్నాను. నాకు వచ్చిందంతా నువ్వు నేర్పిందే కదా. టెస్ట్ ట్యూబ్‌ను దూరంగా పట్టుకుని, అరచేత్తో గాలిని మెల్లగా ముక్కు వైపు విసురుకోవాలి. మామిడికాయ తొక్కు జాడీని కూడా నువ్వు అట్లాగే వాసన చూసేదానివి. "తొక్కుల యాసిడ్ ఉంటదా ఏందే?" అని అమ్మ నవ్వేది.

స్వప్నకు ఆ అలవాటు పట్టుబడలేదు. అమోనియాకైనా ముక్కు ఆనించేస్తుంది, కళ్ల నిండా నీళ్లు తెచ్చుకుంటుంది. "గంత దగ్గర పెట్టకే, మార్కులు కోస్తరు" అని రోజూ కోప్పడుతున్నాను.

పరీక్షకు తెల్ల కోటు కావాలంటే ఈ సాయంత్రం నీ బీరువా తెరిచి నీ కోటే ఇచ్చాను. నువ్వు పోయేనాటికి స్వప్నకు నడక కూడా రాలేదు. కోటులో ముఖమంతా దాచుకుని గట్టిగా ఊపిరి పీల్చింది. నేను కోప్పడలేదు.

"చిన్నమ్మా, అమ్మ వాసన గిట్లనే ఉండెనా?" అంది.

అది బట్టలకు పురుగు పట్టకుండా బీరువాలో వేసిన డాంబర్ గోళీల వాసన, అక్కా.

"గిట్లనే ఉండె బిడ్డా" అన్నాను.

నీ చెల్లె