సడలిన పట్టు

హుబ్లీ,
శుక్రవారం.

మా ఆంజన్నకు,
తమ్ముడు శశి రాసుకుంటున్న మాటలు.

వీడికి ఉత్తరమేంది, ఫోను అరిగిపోయిందా అనుకుంటావు. మన ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను. అమ్మ ఎప్పుడూ స్పీకరు పెట్టే మాట్లాడుతుంది. నేను దగ్గినా నాయనకు వినపడుతుంది. ఇది నీకొక్కడికే చెప్పాల్సిన సంగతి. అందుకే నువ్వు పని చేసే శనక్కాయల మిల్లు అడ్రసుకు రాస్తున్నాను. చదివి చించెయ్యి.

కబడ్డీ జట్టు మారినప్పుడు మీ అందరికీ గొప్పగా చెప్పాను. హుబ్లీ వాళ్లు కోరి తీసుకున్నారని అమ్మతో అన్నాను. అబద్ధం. నేనున్న విజయవాడ జట్టుకు కూతకు పోయే రైడర్ ఒకడు కావాల్సి వచ్చింది, వాడికి బదులుగా నన్ను ఇక్కడికి ఇచ్చేశారు. ఆ మాట ఎవరూ నా ముఖాన చెప్పలేదు. పొద్దున టిఫిన్ చేస్తుంటే గ్రూపులో మెసేజ్ వచ్చింది. పక్కన కూర్చున్నవాడు నాకంటే ముందు చదివి, తన ప్లేటులోని వడ తీసి నా ప్లేటులో పెట్టాడు. జాతర ఆటలకు నిన్ను అరువడగడానికి బళ్లారి పల్లెల నుంచి జీపులు వేసుకుని వచ్చేవాళ్లు, గుర్తుందా? ఆంజి రాకపోతే మేము ఆడం అని మన గడపలో కూర్చునేవాళ్లు. నిన్ను కావాలని తీసుకుపోయేవాళ్లు. నన్ను విజయవాడ వాళ్లు వద్దని పంపించారు.

వాళ్లదే తప్పని అనను. పోయిన సీజన్లో పదకొండు మ్యాచులు నన్ను ఎడమ కార్నర్‌లో నిలబెట్టారు. కార్నర్‌కు ఉన్న పనే రైడర్ చీలమండ పట్టుకుని ఆపడం. దొరికిన ప్రతి కాలూ జారిపోయింది. వీడికి టైమింగ్ లేదు, చిన్నవాడు కదా, ఎదుగుతాడు అని అక్కడి కోచ్ అన్నాడు. ఇక్కడి కోచ్ కూడా మొదటి రోజు వీపు తట్టి అదే అన్నాడు. ఇరవై ఒక్క ఏళ్లవాణ్ణి పట్టుకుని ఎదుగుతాడు, ఎదుగుతాడు అంటుంటే వినడానికి బాగానే ఉంటుంది. మన నాయన కూడా ఏటా మబ్బును చూసి కురుస్తుంది, కురుస్తుంది అంటాడు.

నా గుట్టును మొన్న తిప్పేష్ కనిపెట్టాడు. ఆటలో నా చెయ్యి పట్టుకుని పక్కన నిలబడేది అతనే. బళ్లారి వైపువాడు, తెలుగు మనలాగే మాట్లాడతాడు. నేను రైడర్ కాలి మీదికి దూకాలంటే ముందు తిప్పేష్ చేతిని వదలాలి. కాబట్టి నేను ఎప్పుడు దూకానో కోచ్ కంటే అతని చేతికే బాగా తెలుసు. ప్రాక్టీస్ అయ్యాక నీళ్ల డ్రమ్ము దగ్గర నన్ను నిలబెట్టి అడిగాడు.

"ఏమప్పా, నీకు టైమింగ్ లేదంటారే అందురూ, అది అబద్దం. నా చెయ్యి నువ్వు సరిగ్గానే వదుల్తాండావు. కాలు గూడా నీకు దొరుకుతాండాది. దొరికినాక ఎందుకు ఇడిసిపెడ్తావు?"

నేను నీళ్లు తాగుతూ నిలబడ్డాను. అతనికి చెప్పనిది నీకు చెప్తున్నాను.

అనంతపురం సెలెక్షన్ రోజు నుంచి ఇంతే అన్నా. మనిద్దరినీ చెరో జట్టులో వేశారు. నువ్వు కూతకు వచ్చావు. నీ చీలమండ నా చేతికి దొరికింది, ఉన్న బలమంతా పెట్టి లాగాను, మా వాళ్లంతా నీ మీద పడ్డారు. నీ మోకాలు చిట్లిన చప్పుడు ఆ గోలలో ఎవరికీ వినపడలేదు. కాలు నా చేతుల్లో ఉంది కాబట్టి నా చేతులకే తెలిసింది. సెలెక్టర్లు చప్పట్లు కొట్టారు. ఆ పట్టు చూసే నన్ను తీసుకున్నారు. అటు నిన్ను ఆటోలోకి ఎక్కిస్తుంటే ఇటు మైకులో నా పేరు చదివారు. నేను చెయ్యెత్తాను.

నాలుగేళ్లయింది. ఇప్పుడు ఎవరి కాలు దొరికినా ఆ చప్పుడు వస్తుందేమోనని నా వేళ్లు వాటంతటవే విచ్చుకుంటాయి. నేను ఆపలేను. ఈ మాట నీ దగ్గర ఎప్పుడూ ఎత్తలేదు, నువ్వూ ఎత్తలేదు. సెలవులకు వచ్చినప్పుడల్లా నువ్వు మిల్లులో ఆ కాలు చాపుకుని శనక్కాయ పప్పు ఏరుతుంటే చూసి, ఇంటికొచ్చి అమ్మ పెట్టిన సంగటి సగంలోనే వదిలి లేచేవాణ్ణి. నీ ఆట ముందు నా ఆట ఎంత? వాళ్లు తీసుకోవాల్సింది నిన్ను.

అందుకని తేల్చుకున్నాను. పద్దెనిమిదో తేదీ మ్యాచ్ ఉంది. అంతకు ముందే వచ్చేస్తాను. మిల్లులో నీ చోట నేను కూర్చుని పప్పు ఏరుతాను, నువ్వు ఇంటిపట్టున ఉండు. నాయనకు నువ్వే మెల్లగా చెప్పు. నన్ను ఎన్ని తిట్టినా పడతాను, రావద్దని మాత్రం అనకు.

నీ కాలు విరిచిన తమ్ముడు,
శశికుమార్.


గుమ్మఘట్ట,
గురువారం.

ఒరే శశీ,

నీ ఉత్తరం చించలేదు. మిల్లులో అన్నం గంటలో చదివాను, సాయంత్రం బస్సు కోసం కూర్చుని మళ్లీ చదివాను. నీలాగా ముందూ వెనకా చూసి రాయడం నాకు రాదు. ఉన్నది ఉన్నట్టు రాస్తాను, ఓర్చుకో.

నా కాలు నీ పట్టుకే విరిగింది. కాదని రాస్తే నీ మనసు కుదుటపడుతుందేమో గానీ నేను రాయను. తప్పు డాక్టరు మీదా వెయ్యను, నేల మీదా వెయ్యను. అయితే ఆ రోజు నేను నీ మూలకే ఎందుకు వచ్చానో నీకు తెలియదు. రెండో పక్క ఖాళీగా ఉంది, అటు పోతే సులువుగా ఒక పాయింటు వచ్చేది. మా జట్టులో పాపన్న చెప్పాడు కూడా, ఆ పక్క నీ తమ్ముడున్నాడు, పోవద్దని. "వాడు నన్ను గట్టిగా పట్టడులే, అన్నని గదా" అని నవ్వి వచ్చినాను. నీ మెత్తదనం మీద పాయింట్లు కొట్టి, నిన్ను పక్కకు నెట్టి నేను ఎంపిక కావాలనుకున్నాను. నువ్వు ఆట ఆడావు. నేను తమ్ముణ్ణి వాడుకుందామని వచ్చాను.

ఇంకొకటి ఉంది. దీన్ని రాయడానికే రెండు రోజులు పట్టింది. నీ మ్యాచులు మిల్లులో అందరం ఒక ఫోను ముందు కూర్చుని చూస్తాం. నువ్వు కాలు వదిలినప్పుడల్లా నా పక్కన పప్పు ఏరే నాగలక్ష్మమ్మ సొంత కొడుకు ఓడినట్టు నొచ్చుకుంటుంది. నాకు సంతోషమయ్యేది. అవును రా, సంతోషమే. నీ వేళ్లు విచ్చుకోవడం మొదటి మ్యాచులోనే చూశాను. నిన్ను కళ్లంలో ఆడించి పెంచినవాణ్ణి, నాకు కనపడకుండా ఎట్లా పోతుంది? ప్రతి మ్యాచ్ అయ్యాక ఫోను చేసి ఎట్లా ఆడానన్నా అని అడిగేవాడివి. "బాగానే ఆడినావులే" అనేవాణ్ణి. ఒక్క ముక్క చెప్పి ఉంటే అప్పుడే సర్దుకునేవాడివేమో, నిన్ను ఇట్లా బదులుకు ఇచ్చేవాళ్లు కాదేమో. సీజనంతా నోరు మూసుకుని కూర్చున్నాను. కాలు విరిచినందుకు నువ్వు సిగ్గుపడుతున్నావు. నేను పడాల్సిన సిగ్గు అంతకంటే తక్కువది కాదు.

నువ్వు ఎదుగుతావో లేదో నాకు తెలియదు. వయసు ఉందని అందరూ అంటారు, ఇది వయసుతో వచ్చేది కాదు. కాలు దొరికినప్పుడు ఆ చప్పుడు గుర్తుకొస్తే రానీ. పోగొట్టుకోవాలని చూడకు, నాకే పోలేదు, నీకు యాడ పోతుంది? అది ఉండగానే పట్టుకోవాలి. తిప్పేష్‌కు దాచకుండా చెప్పు. నువ్వు దూకిన మరుక్షణం వాడు వచ్చి నీ చేతుల మీద పడాలి. అప్పుడు నువ్వు వదలాలన్నా వదలలేవు. అట్లా ఒక పది సార్లు జరిగితే ఏమన్నా మారుతుందేమో చూడు. మారకపోతే అప్పుడు ఆలోచిద్దాం.

ఇంటికి మాత్రం రావద్దు. మిల్లులో ఆ చోటు నాది. ఈ కాలితో నేను చేయగలిగిన పని ఈ చుట్టుపక్కల అదొక్కటే. దయ తలచి దాన్ని కూడా తీసుకోకు. నాయనకు నేనేమీ చెప్పలేదు. రెండో బోరు కూడా పోయిన వారం ఎండిపోయింది, మనిషి ఎవరితోనూ మాట్లాడటం లేదు. అమ్మ ఒక్కతే నీ మ్యాచ్ ఎన్ని గంటలకని అడుగుతోంది.

పద్దెనిమిదిన చూస్తాను. నువ్వు పట్టాలని కోరుకుంటూ చూస్తానో, వదలాలని చూస్తానో ఒట్టేసి చెప్పలేను. నా మీద నాకే నమ్మకం లేదు. నువ్వు మాత్రం పట్టు.

మీ అన్న,
ఆంజి.