కొలిమి నాకిన మేక

నాయనా మొగులయ్యా, ఇంట్లో అందరం బాగున్నాం, కొలిమి ఒక్కటే బాగాలేదు. నువ్వు కామారెడ్డి నుంచి రాసినట్టే పుట్టమన్నులో పొయ్యి బూడిద, ఉప్పు కలిపి కొలిమి లోపలి పగుళ్లకు పూశాను. గట్టిగా నిలుస్తుందని ఇంకో దోసెడు ఉప్పు వేశాను. తెల్లారేసరికి మన మేక పూతంతా నాకేసింది!

నాగలి కర్రు సాగగొట్టించుకోవడానికి వచ్చిన లింగయ్య, "అవ్వా, గంత రుచిగుంటే నాకింత పెట్టరాదూ" అని నవ్వుతాడు. నాకేమో బేరం పోతుందని దిగులు. వాన పడ్డది కదా, రైతులంతా మహమ్మద్‌నగర్ కమ్మరి దగ్గరికి పోతే ఎట్లా?

ఉప్పు తగ్గించి మళ్లీ పూశాను. ఆరేదాకా మీ బాపు కర్ర పట్టుకొని కొలిమికి కాపలా, ఆయన కునుకు తీయకుండా నేను కాపలా. అంత ఉప్పు తిన్న మేకకు ఏమన్నా అవుతుందా? కోడలు వేళకు తింటోందా? వెంటనే రాయి.

మీరు చల్లగా ఉండండి, కొలిమి మాత్రం చల్లారకూడదు.

మీ అవ్వ