పాత రైలు బాట మీద నిధి

మా పెద్దక్క శాంతమ్మకు, గిద్దలూరు నుంచి చెల్లెలు మార్తమ్మ వందనాలు చెప్పుకొని రాసేది. దేవుని దయవల్ల ఇక్కడ మేం ముగ్గురం తింటున్నాం, తిరుగుతున్నాం. నీ మోకాలి నొప్పి ఎట్ల ఉంది? బావకు దగ్గు తగ్గిందా? ఈ ఉత్తరం నీకు చదివి వినిపించే పంతులుగారికి కూడా నా వందనాలు. నా రాత తెలియని చోట ఆయననే సర్దుకొని చదవమను.

మా గురించి దిగులు పెట్టుకోవద్దు. మీ మరిదికి రైలు గ్యాంగులో పని కుదురుగానే ఉంది. ఇల్లు పట్టాల పక్కనే. బండి పోయేటప్పుడు గూట్లో గిన్నెలు గలగలమంటాయి. మొదట ఉలిక్కిపడేదాన్ని, ఇప్పుడు బండి రాకపోతేనే తోచదు. కొండలు దగ్గర కాబట్టి పొద్దున చలి ఎక్కువ. ఇక్కడి జొన్నలు మన హనుమంతునిపాడు వైపు జొన్నల మాదిరి కాదు, రొట్టె అంచులు విరుగుతాయి. అయినా కడుపు నిండుతోంది. మాట్లాడే మనిషి లేక పగలు పొద్దు పోదు, అంతే. దిగులు పెట్టుకోవద్దు.

మా దావీదు పోయినప్పటి నుంచి ఎస్తేరును చేతికందనంత దూరం పోనివ్వడం లేదని నీకు తెలుసు. నీళ్ళకు పోయినా వెంట, దుకాణానికి పోయినా వెంట. తొమ్మిదేండ్ల పిల్ల నా కొంగు పట్టుకొని ముసలమ్మ మాదిరి కూర్చొనేది. మిషను బడి దొరసానమ్మ ఇంటికి వచ్చి పిల్లను బడికి పంపమని అడిగితే నాకు కోపం వచ్చింది. జ్వరానికి ఒక బిడ్డను ఇచ్చుకున్నాను, ఉన్న బిడ్డను కంటికి కనపడని చోటికి ఎట్ల పంపేది?

పోయిన శనివారం మాత్రం ఒక తమాషా జరిగింది. మా ఇంటి వెనక ఒక పాత రైలు బాట ఉంది. పెద్ద లైను వేసేటప్పుడు కొండ నుంచి రాయి తేవడానికి వేసినారంట. పని అయినాక పట్టాలు పీకేసినారు. ఇప్పుడు కట్ట మీద గొర్రెలు నడుస్తాయి. దొరసానమ్మ బడి పిల్లలకు ఆ బాట వెంబడి నిధి వెతికే ఆట పెట్టింది. ఒక్కొక్క చోట ఒక చీటీ దాచి పెడతారు. అది చదివితే తరువాత ఎక్కడికి పోవాలో తెలుస్తుంది. చివరన నిధి. కట్ట కింద వాన నీళ్ళు పోయే తూము ఉంది, అక్కడి చీటీకి నన్ను కాపలా ఉండమన్నారు. ఎస్తేరు నా పక్కనే ఉంటుంది కదా అని ఒప్పుకున్నాను.

పొద్దున్నే రేకు డబ్బాలో చీటీ పెట్టి, పైన రాళ్ళు పేర్చి, పిల్లలకు తాగే నీళ్ళు తెద్దామని ఇంటికి పోయి వచ్చాం. వచ్చేసరికి ఆ రాళ్ళకు పసుపూ కుంకుమా, రెండు నిమ్మకాయలు. పక్కన గడ్డపార. గొర్రెలు కాసే ఓబయ్య తాత కండ్లు మూసుకొని కూర్చున్నాడు. పాత బాట మీద నిధి ఉందని పిల్లలు వారం నుంచి అరుస్తుంటే ఆయన నిజమే అనుకొని, పేర్చిన రాళ్ళు చూసి చోటు ఇదేనని తేల్చుకున్నాడు. ఇది బడి పిల్లల ఆట అని చెప్పినా వినడే. దొరలు ఊరికే కాపలా పెట్టిస్తారా అని నన్నే ఎదురు అడిగాడు.

అంతలో పిల్లలు పరిగెత్తుకొని వచ్చారు. పసుపు చూసి ఆగిపోయారు, ఒక్కరూ రాయి ముట్టరు. పైగా నిధి తీసే చోట మాట్లాడకూడదని తాత నోటి మీద వేలు పెట్టి చూపించాడు. అంతమంది పిల్లలు బుగ్గలు ఉబ్బించి ఊపిరి బిగబట్టుకొని నిలబడ్డారక్కా. ఎస్తేరు ఫక్కున నవ్వింది. వాళ్ళన్న పోయినాక ఆ నవ్వు నేను వినలేదు.

తాత అన్నాడు, "నవ్వినావా పాపా? ఇంగ నిధి లోపల్లోపలే పారిపోతాది."

ఎస్తేరు అన్నది, "పోనీ తాతా. దాని ఎనకాల మేం ఉరుకుతాంలే."

అంటూనే తాతకు దండం పెట్టి రాళ్ళు పక్కకు తీసింది. డబ్బా తెరిచి చీటీ చదివింది. వాళ్ళన్న నేర్పిన అక్షరాలే. బాట కోసం కొండను చీల్చిన కోత దాటి, అవతల విరిగిన కైకంబం, అదే బండ్లకు చెయ్యి చూపే స్తంభం, దాని దగ్గర చూడమని ఉంది. చదివినోళ్ళే ముందు నడవాలని పిల్లలు ఆమె చెయ్యి పట్టుకున్నారు. ఇంకో చెయ్యి నా చేతిలో ఉంది. కోతలోకి పోతే మనిషి కనపడదు. పిల్ల అడగలేదు, నా ముఖం చూసింది అంతే. నేను చెయ్యి వదిలాను.

"పో," అన్నాను.

పోయింది. నేను లేచి వెంట పోబోతే తాత గడ్డపార అడ్డం పెట్టాడు.

"నా గొర్లు కోతలోకి పోతే నాకు మాత్రం కనపడతాయామ్మా? ఇనపడతాయి. కూచో."

కూర్చున్నాను. అరుపులు, నవ్వులు వినపడ్డాయి. వాటిలో మా పిల్ల గొంతు ఏదో నాకు తెలుస్తూనే ఉంది. నిధి అంటే బెల్లం, చెనక్కాయల ఉండలు. తాతకు కూడా ఒకటి తెచ్చి ఇచ్చారు. ఇంత చిన్న నిధికి రెండు నిమ్మకాయలు దండగ అయినాయని గొణిగి, తినేసి పోయాడు.

సోమవారం నుంచి ఎస్తేరు బడికి పోతోంది. సాయంత్రం దాకా నేను వాకిట్లోకి లోపలికి తిరుగుతూనే ఉంటాను, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ బడి దాకా పోవడం లేదు.

బావ కంభం సంతకు వచ్చినప్పుడు కాస్త చింతపండు పంపించు. ఊరు విడిచేటప్పుడు చూడలేక దావీదు పలక నీ ఇంట్లో పెట్టి వచ్చాను, అది కూడా పంపు. మీ మరిది కొత్తది కొంటానంటే పిల్ల వద్దన్నది, వాళ్ళన్న పలకే కావాలంట. చట్రం ఒక మూల ఊడి ఉంటుంది, మేకు కొట్టించి పంపు. రోజూ బడికి పోయి వచ్చే పలక, గట్టిగా ఉండాల.

పెద్దలందరికీ మా వందనాలు, పిల్లలకు ముద్దులు. ప్రార్థనలో మమ్మల్ని తలుచుకొని దీవించు.

నీ చెల్లెలు
మార్తమ్మ