చప్పుడు మానిన ల్యాప్‌టాప్

కామ్‌రేజ్, సూరత్

హారతక్కా, ఇక్కడ అందరం బాగున్నాం. ఫోన్ చేస్తే నా మాట పూర్తికాకముందే కొత్త ల్యాప్‌టాప్ పంపుతానంటావు, అందుకే కార్డు రాస్తున్నాను. పంపకు. నువ్విచ్చిన పాతదాన్ని ఆదివారం నేనే విప్పి ర్యామ్ పెంచాను, హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేశాను. ఫ్యాన్ నిండా గులాబీరంగు నూగు! మనం లింబాయత్‌లో ఉన్నప్పుడు కార్ఖానా పైగదిలో నువ్వు పరీక్షలకు చదువుతుంటే, కింద సాంచా మగ్గం మీద బాపు నేసిన చీరలది. అది దులిపాక ఫ్యాన్ రొద పోయింది. పక్క గదిలోంచి బాపు పరుగున వచ్చాడు.

"ఏందే, బంద్ వడ్డదా? మంచిగ నడిచేదాన్ని ఖరాబ్ జేస్తివి గదా!"

చప్పుడు ఆగితే సాంచా ఆగిందని ఉలిక్కిపడే మనిషి కదా. నడుస్తోందంటే నమ్మడే. సాంచాకు ఆనించినట్టే దానికి అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు.

"సన్నగ వణుకుతుంది. నడువనీ" అన్నాడు చివరికి.

బావ మోకాలి నొప్పి తగ్గిందా? ఎవరైనా ఇటు వస్తే మన ఊరి కారం పంపు, ఇక్కడి కూరల తీపి అమ్మకింకా పడటం లేదు. బాబుకు ముద్దులు.

నీ చెల్లెలు,
మౌక్తిక

ఈ మూలన బంకతో అంటించింది ఆ నూగే. బాపు నీకు పంపమన్నాడు.