అల్లుడికి కట్టిన తాడు

భీమిలి,
సోమవారం

ఫైర్ ఆఫీసర్ రమణమూర్తి గారికి భీమిలి గంగరాజు నమస్కారాలు.

పొద్దున్నుంచి జల్లు పడుతోంది. వేట నిషేధం కాబట్టి పడవలు ఒడ్డునే ఉన్నాయి. వల బాగుచేసుకుంటూ ఇది రాస్తున్నాను. నిన్న మీవాళ్లు, ఏరు సముద్రంలో కలిసే మా ఏటిమొగలో ట్రైనింగు చేశారు. మా అమ్మాయి ఆశకు అనుకున్న మీ స్టేషను కుర్రాడు దుర్గారావు కూడా వచ్చాడు. నీళ్లు మోకాలి లోతు. దానికే అతనికి లైఫ్ జాకెట్టు తొడిగి, నడుముకు తాడు కట్టి, ఆ తాడు ఇద్దరు పట్టుకున్నారు. మా వదిన అప్పాయమ్మ అందరి ముందూ అడిగేసింది: "ఏటి మరిదీ, అల్లుణ్ని కట్టీసి దింపుతన్నారు? పారిపోతాడేటి?"

అతనికి మూర్ఛ జబ్బు ఉందా? నెలాఖరుకు తాంబూలాలు. నిజం రాయండి.

ఇట్లు,
గంగరాజు

తా.క. ఫోన్ చెయ్యకండి. ఫోను ఆశ దగ్గరుంటుంది.

విశాఖపట్నం,
బుధవారం

గంగరాజు గారికి,

దుర్గారావుకు ఏ జబ్బూ లేదు. నీళ్లలోకి దిగే ప్రతివాడికీ తాడు కడతాం. మోకాలి లోతులోనూ ప్రవాహం మనిషిని పడేస్తుంది. అడుగున గొయ్యి కనబడదు. అసలు దిగడం ఆఖరి మార్గం. ముందు ఒడ్డునుంచి పొడవాటి గెడ కర్ర అందించాలి. అందకపోతే తాడు విసరాలి.

భవదీయుడు,
రమణమూర్తి

తా.క. దుర్గారావు చాలా మంచి ఉద్యోగి. ఈ ఏడాది ఎందరినో కాపాడాడు. ఒక్కసారి కూడా దిగలేదు.

భీమిలి,
శుక్రవారం

ఆఫీసర్ గారికి నమస్కారం.

మీ ఉత్తరంతో గాభరా పెరిగింది. స్టేషనంతటికీ నీళ్లంటే భయమని నాకు తెలీదు. దిగనివాణ్ని మీరు మెచ్చుకుంటున్నారు. సముద్రం మీద బతికేవాణ్ని, ఒడ్డున నిలబడే అల్లుణ్ని ఏం చేసుకోను? ఆదివారం అతను మా ఇంటికొస్తున్నాడు. నేను ఏట్లో కూర్చుని మునిగిపోతున్నట్టు కేకలు వేస్తాను. తాడు లేకుండా దూకితే పిల్లనిస్తాను. లేదంటే సంబంధం వద్దు.

గంగరాజు

తా.క. నాకు ఈత వచ్చు. అతనికి చెప్పకండి.

విశాఖపట్నం,
శనివారం

గంగరాజు గారికి, అర్జెంటు.

దూకితే అతన్ని నేను సస్పెండ్ చెయ్యాలి. దూకకపోతే మీరు సంబంధం చెడగొడతారు. అతను ఏం చెయ్యాలో నాకే తెలియడం లేదు. దయచేసి కూర్చోకండి.

రమణమూర్తి

తా.క. కూర్చోక తప్పదంటే లైఫ్ జాకెట్ వేసుకుని కూర్చోండి.

భీమిలి,
సోమవారం

ఆఫీసర్ గారికి,

మీ ఉత్తరం ఇవాళ అందింది. నేను నిన్ననే కూర్చున్నాను. అక్కడ ఎవరో ఇసుక తవ్విన గొయ్యి ఉంది. కాళ్లు బురదలో దిగబడ్డాయి, ఈత పనికిరాలేదు. "నాను నిజంగానే మునిగిపోతన్నాన్రా!" అని అరిచాను. దుర్గారావు ఒడ్డునుంచే పడవ గెడ చాపాడు. "ముందిది అట్టుకో మావా! మిగతాది తర్వాత మాటాడుకుందాం." పౌరుషానికి పట్టుకోలేదు. పడవ తాడుకు ఉచ్చు వేసి విసిరాడు. నీళ్లు గెడ్డం దాకా వచ్చాక చంకల కింద వేసుకున్నాను. మావాళ్లంతా తాడు అందుకుని, పెద్దవల లాగినట్టు హైలెస్సా అంటూ ఒడ్డుకు లాగారు. అప్పాయమ్మ అక్కడే నన్ను వలలో పడ్డ చేపలా వేలం పెట్టింది. ఎవరూ కొనలేదు.

అతని చెప్పులు కూడా తడవలేదు. నేను ముడి విప్పబోతే ఆశ దానిమీద చెయ్యి వేసింది. "తాంబూలాలు ఉన్నాయో లేవో సెప్పు నాన్నా, అప్పుడిప్పుతాను." తాడు రెండో కొస దుర్గారావు చేతిలోనే ఉంది.

ఉన్నాయన్నాను. మీరు తప్పక రావాలి.

గంగరాజు

తా.క. లైఫ్ జాకెట్టు ఎక్కడ దొరుకుతుందో రాయండి. నాకు కాదు, అప్పాయమ్మ అడుగుతోంది. దుర్గారావు డ్యూటీకని నిన్న సాయంత్రం అయిదు గంటల బస్సుకు వెళ్లాడు.